రథానికి మేస్త్రీ ఎవరు?

పాత కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే రవాణా శాఖ కార్యాలయంలో ఒక చిత్రమైన తంతు ఉంటుంది. కారు రేకు మీద కొట్టిన చాసిస్ నంబరు మీద పలచటి కాగితం పెట్టి పైన పెన్సిల్‌తో రుద్దుతారు. అంకెలు కాగితం మీదికి తేలతాయి. ఆ కాగితం ఫైల్లో చేరిందంటే, ఫలానా ఏడాది ఫలానా వారు కొన్న కారు ఇదేనని ప్రభుత్వం నమ్మినట్టు. ఇంజను మార్చారా, రాసుకుంటారు. రంగు మార్చారా, అదీ రాసుకుంటారు. తలుపులు, సీట్లు, గేరుబాక్సు, చక్రాలు ఎన్నిసార్లు మారాయన్నది ఎవరికీ అక్కర్లేదు. ఆ నంబరున్న రేకు ముక్క ఉంటే కారు ఉన్నట్టే.

ఆఫీసుకు ఏదో ఒక గుర్తు కావాలి, పెట్టుకుంది, దాన్ని తప్పుపట్టడానికేం లేదు. కానీ పెన్సిల్ ముక్కతో అక్కడ తేల్చేస్తున్న ప్రశ్న చిన్నది కాదు. ‘మిళింద పన్హ’ అనే పాళీ గ్రంథంలో యవన రాజు మిళిందుణ్ణి నాగసేనుడనే బౌద్ధ భిక్షువు అడుగుతాడు, నడిచి వచ్చావా, రథమెక్కి వచ్చావా అని. రథమెక్కే వచ్చానంటాడు రాజు. అయితే ఆ రథం ఏదో చూపించమంటాడు భిక్షువు. ఇరుసా, చక్రాలా, నొగలా, కాడా, పగ్గాలా? ఏదీ కాదు. అన్నీ కలిపితే వచ్చేదా? కాదు. వీటికి వేరుగా ఎక్కడో ఉన్నదా? అదీ కాదు. ఈ భాగాలను ఆధారం చేసుకుని వాడుకలో పెట్టుకున్న పేరే రథమని చివరికి రాజే ఒప్పుకుంటాడు. మనిషి సంగతీ అంతేనంటాడు నాగసేనుడు.

వాళ్లు రథాన్ని మాటల్లో విప్పారు. చేతులతో విప్పేవాడికి ఆ ప్రశ్న ఇంకోలా ఎదురవుతుంది. నా దగ్గరున్నది ప్రీమియర్ పద్మిని. మా వీధిలో దాన్ని ఎవరూ పద్మిని అనరు, ఫియట్ అనే అంటారు. ఇటలీ ఫియట్ 1100ని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసేది. 1964 నుంచి ‘డిలైట్’ పేరుతో వచ్చిన బండికే 1974లో చిత్తోడు రాణి పేరు పెట్టారు. 2000 ప్రాంతం దాకా దాదాపు అదే ఆకారంలో అమ్మారు. ఇంజను 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, సుమారు 40 గుర్రాల శక్తి. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఇంజను దించి, తలుపులు ఊడదీసి, సీట్లు ఎండలో వేసి, బోల్టులన్నీ పాత హార్లిక్స్ సీసాల్లో సర్దాక షెడ్డులో మిగిలిన దాన్ని చూసి ఇరుగుపొరుగులు అడిగేది ఒక్కటే: ఇది మళ్లీ కారవుతుందా? మిళిందుడికి ఈ ప్రశ్న రాలేదు. ఏది రథం అన్నది విప్పేవాడి ప్రశ్న. మళ్లీ రథమవుతుందా అన్నది బిగించేవాడి ప్రశ్న.

దానికి జవాబు భాగాల్లో లేదు. చెన్నై పుదుపేటలో, ఢిల్లీ మాయాపురిలో, కోల్‌కతా మల్లిక్ బజారులో ఇవే తలుపులు, ఇవే గేర్లు, ఇవే లైటు చట్రాలు కుప్పలుగా పడి ఉంటాయి. అక్కడవి పాత సామాను, తూకానికి పోయేవి. షెడ్డులో అవే ముక్కలు రేపటి కారు. ఇనుములో తేడా ఏమీ లేదు. వీటిని మళ్లీ బిగిస్తానని ఒకరు పూచీ పడ్డారు, తేడా అదొక్కటే. నాగసేనుడు చెప్పింది నిజమే, రథం ఒక వాడుక పేరు. కానీ ఆ వాడుక ఊరికే నిలవదు. ముక్కలకు అమ్మేద్దామా, బాగుచేద్దామా అన్న సందిగ్ధం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు బాగుచేద్దామని అంటే తప్ప ఆ పేరుకు కొనసాగింపు లేదు. కారు ఒకటిగా మిగలటం కారు గొప్ప కాదు, దాన్ని చూసుకున్నవాళ్ల నిర్ణయాల వరస.

మరి ఆ చూసుకున్నవాళ్లు మన ఆలోచనల్లో ఎక్కడున్నారు? కఠోపనిషత్తు శరీరాన్ని రథమంది. ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు అవి తిరిగే దారులు. ఇరుసుకు కందెన పెట్టేవాడు ఆ చిత్రంలో లేడు. చీల ఊడితే బిగించేవాడూ లేడు. రథం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, ఎక్కటమే తరువాయి. ఉపమానాన్ని అంత దూరం లాగకూడదంటారు పండితులు, ఒప్పుకుంటాను. కానీ ఏది ఉపమానంలోకి వచ్చింది, ఏది రాలేదు అన్నది కూడా ఆ సమాజం చూపు ఎక్కడుందో చెబుతుంది కదా? వైదిక వాఙ్మయంలో రథకారుడు లేకపోలేదు. వర్షర్తువులో అతడు అగ్న్యాధానం, అంటే యజ్ఞాగ్నిని నెలకొల్పుకోవడం, చేసుకోవచ్చన్న అనుమతి ఉంది. ఆ రథకారుడంటే పై మూడు వర్ణాల్లో రథం చేసే ఎవరైనానా, లేక వాటికి బయటి కులమా అని మీమాంసకులు ఎంతో సూక్ష్మంగా వాదించారు. వాదమంతా అతడి అర్హత గురించే, అతడి పనితనం గురించి కాదు.

ఆ వాదం ముగిసిందనుకోను. ఉద్యోగస్థుడు ఆదివారం పూట కారు కింద దూరి మోచేతుల దాకా గ్రీజు పూసుకుంటే మనం హాబీ అంటాం, ఫొటోలు తీస్తాం. ఆ గ్రీజే రోజూ పూసుకునేవాడికి పిల్లనివ్వడానికి వెనకాడతాం. చదవకపోతే మెకానిక్ షెడ్డులో పడేస్తానని కొడుకును బెదిరించిన తండ్రే, మా వాడు మెకానికల్ ఇంజినీరింగ్ అని పెళ్లిళ్లలో చెప్పుకుంటాడు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని 2016 సవరణతో చట్టం దాదాపు పూర్తిగా నిషేధించింది. అయినా పానా అందించే చిన్న చేతులు షెడ్లలో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. అందుకే ‘సొంతంగా చేసుకోవడం’ గురించి గొప్పగా రాసే ముందు ఒక మాట ఒప్పుకోవాలి. నాకు ఆ పని మానేసే స్వేచ్ఛ ఉంది. వర్షం వస్తే పైన గుడ్డ కప్పేసి లోపలికి పోతాను. విజయవాడ ఆటోనగర్‌లో లారీ కింద పడుకున్న మనిషికి అది లేదు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది పద్నాలుగో నంబరు స్పానరే.

అయినా ఎందుకు చేసుకోవాలి? డబ్బు మిగులుతుందని కాదు. నిక్కచ్చిగా లెక్క వేస్తే మిగలదు కూడా. ఒకటి మాత్రం చెప్పగలను. యంత్రం ముందు మనిషి మాటకు విలువ లేదు, అది చాలా ఆరోగ్యకరమైన అనుభవం. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల రెండు చిన్న పాయింట్లుంటాయి. వాటి మధ్య ఎడం అర మిల్లీమీటరు లోపే. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే అవి 6,000 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి, అంటే సెకనుకు వంద సార్లు. తెరుచుకున్న ప్రతిసారీ ఒక స్పార్కు. తిరిగే కామును రాసుకుంటూ ఉండే చిన్న ఫైబరు దిమ్మ అరిగేకొద్దీ ఎడం తగ్గుతుంది, స్పార్కు ఆలస్యమవుతుంది. కారు ఆగిపోదు, బరువెక్కుతుంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియనంత నెమ్మదిగా. నడిపేవాడి కాలు యాక్సిలరేటర్‌ను ఇంకాస్త తొక్కడానికి అలవాటు పడిపోతుంది. ఫీలర్ గేజితో ఎడం సరిచేసి తోలినప్పుడు గానీ, ఇన్నాళ్లూ ఎంత తక్కువతో సరిపెట్టుకున్నామో తెలియదు. ఇందులో నన్ను కలవరపెట్టేది కారు కాదు. ఇలా నెమ్మదిగా తగ్గిపోతున్నవి ఇంకేం ఉన్నాయో, వాటికి గేజి ఎక్కడ దొరుకుతుందో అన్నది.

ఇంకో ఉదాహరణ మన ఎండలది. ఫియట్‌లో పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం హైదరాబాదు రోడ్డు మీద కాసేపు ట్రాఫిక్‌లో ఆగితే పంపులోని పెట్రోలు ఆవిరైపోతుంది. ద్రవాన్ని లాగడానికి చేసిన పంపు ఆవిరిని లాగలేదు. కారు ఆగిపోతుంది. అప్పుడు చుట్టూ చేరినవాళ్లలో ఒకరు ప్లగ్గులు తుడవమంటారు. ఒకరు బ్యాటరీ తీగలు కదపమంటారు. పెద్దాయన ఒకరు ఆంజనేయ దండకం అందుకుంటారు. బయల్దేరేటప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టలేదా అని ఇంకొకరు నిలదీస్తారు. అరగంటకు కారు కదులుతుంది. ఆఖరున ఎవరు ఏం చేశారో ఆ పనికే పేరొస్తుంది. నిజానికి ఆ అరగంటలో ఎవరూ ఏమీ చేయకపోయినా కదిలేదే, పంపు చల్లారింది కాబట్టి. మన నమ్మకాల్లో ఎన్ని ఇలాంటి అరగంటల్లో పుట్టాయో లెక్క తీసినవాళ్లు లేరు. మన రాజకీయాల్లోనూ, వైద్యాల్లోనూ కూడా.

నిమ్మకాయను వెక్కిరించి ఊరుకోవడం తేలిక. కానీ నేను పంపు మీద వేసే తడిగుడ్డను కూడా అదే అనుమానంతో చూడాలి కదా? గుడ్డ వేసినప్పుడు ఎంతసేపు పట్టింది, వేయనప్పుడు ఎంతసేపు పట్టింది అని చూసుకుంటేనే గుడ్డకు ఆ పేరు న్యాయంగా దక్కినట్టు. మంచి మేస్త్రీలు చేసేది ఇదే. స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి, రెండో కొనను ఇంజను మీద అక్కడా ఇక్కడా పెట్టి శబ్దం వింటారు. ఒకసారికి ఒక్కటే మారుస్తారు. రెండు భాగాలు ఒకేసారి మార్చేస్తే కారు బాగుపడుతుందేమో గానీ, జబ్బేమిటో తెలియదని వాళ్లకు తెలుసు. ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవని మనుషులు శాస్త్రీయ పద్ధతిని ఇంత నిష్ఠగా పాటిస్తుంటే, దాన్ని ‘చేతి అలవాటు’ అని కొట్టిపారేస్తాం.

కొత్త కార్ల మీద నాకు కోపం లేదు. నిజం చెప్పాలంటే అవే మంచి కార్లు. ఎండకు ఆగవు, తక్కువ పొగ వదులుతాయి, గుద్దుకున్నా మనిషిని కాపాడతాయి. నా ప్రశ్న వేరు. డబ్బు కట్టి కొన్న వస్తువు లోపల ఏముందో చూడటానికి కూడా కంపెనీ కంప్యూటర్ అనుమతి కావాలంటే, కొన్నది నేనేనా? 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ పెట్టి అందులో వాహనాలను కూడా చేర్చింది. హక్కు కాగితం మీదికి రావడం మంచిదే. విప్పి చూడాలన్న కోరిక లేని సమాజానికి ఆ హక్కు ఏం చేసుకోవాలో తెలుస్తుందా అన్నదే నా అనుమానం.

ఇప్పుడు తుప్పు సంగతి. ఇంజను పని ఎంత కష్టమైనా అందులో ఒక నిజాయితీ ఉంది, తప్పు చేస్తే స్టార్టు కాదు. రేకు పని అలా కాదు. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు పగిలితే నీళ్లు జారి కాళ్ల కింద పట్టా అడుగున చేరతాయి. తుప్పు రేకును లోపలి నుంచి తినేస్తూ పోతుంది. కాకినాడ, విశాఖ గాలికైతే మరీ తొందర. చిల్లు పడిన చోట రెండు దారులున్నాయి. ఒకటి, తుప్పు తిన్న మేర కోసేసి, మంచి ఇనుము దాకా వెళ్లి, కొత్త రేకు వెల్డింగ్ చేయడం. రెండోది, లప్పం నింపి, గరుకు కాగితంతో రుద్ది, రంగు కొట్టడం. బయటికి రెండూ ఒకేలా మెరుస్తాయి. రెండోది ఇంకాస్త ఎక్కువే మెరుస్తుంది.

ఈ కారుకు లారీకి ఉన్నట్టు అడుగున విడి చట్రం లేదు. బాడీయే చట్రం. కాబట్టి లప్పం పెట్టింది అందానికి కాదు, ఎముకకు. బాగుచేయడంలోని ఈ అబద్ధం మీద వాదన పాతదే. జాన్ రస్కిన్ 1849లో రాసిన వాస్తు గ్రంథంలో పాత కట్టడాల పునరుద్ధరణను ఒక అబద్ధంగానే చూశాడు. కాలం చేసిన పనిని చెరిపేసి, పాతదని చెప్పి కొత్తదాన్ని నిలబెడతారని అతడి అభ్యంతరం. అదే శతాబ్దంలో ఫ్రాన్సులో వయొలే-ల-ద్యూక్ దానికి పూర్తిగా ఎదురు మాట అన్నాడు. పునరుద్ధరణ అంటే కట్టడం ఎన్నడూ లేనంత సంపూర్ణ స్థితికి తీసుకురావడం కూడా కావచ్చని అతడి భావం. మన పాత కార్ల ప్రదర్శనల్లో గెలిచేది రెండోవాడే. ఫ్యాక్టరీలో ఎన్నడూ లేని మెరుపు రంగు, ఎన్నడూ లేని క్రోమియం తళుకు.

నాకు రస్కిన్ వైపే మొగ్గు, కానీ పూర్తిగా కాదు. శిథిలాన్ని శిథిలంగా వదిలేసి దూరం నుంచి చూడవచ్చు. కారు రోడ్డెక్కుతుంది, అందులో మనుషులుంటారు, ఎదురుగానూ ఉంటారు. అందుకని బాగుచేయాల్సిందే, బాగుచేసినట్టు కనిపించాల్సిందే. అడుగున వెల్డింగ్ గీత కనిపిస్తే కనిపించనివ్వండి. లాల్ బహదూర్ శాస్త్రి 1964లో కొన్న ఫియట్ ఢిల్లీలోని ఆయన స్మారకంలో ఉంది. ధర 12,000 రూపాయలైతే అందులో 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు. ఆయన పోయాక ఆ అప్పును భార్య లలిత తన పింఛను లోంచి తీర్చారు. ఆ కారు ఇక ఎవరినీ ఎక్కించుకోదు, దాని పని సాక్ష్యం చెప్పడం. దాని మీది గీతను కూడా ముట్టకూడదు. నా కారు పని అది కాదు కాబట్టి నా నియమం వేరు.

బ్రేకుల దగ్గర ‘సొంతంగా’ అన్న మాటే తడబడుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే తక్కువ వేడికే మరుగుతుంది, సరిగ్గా అవసరమైనప్పుడు పెడల్ కిందికి జారిపోతుంది. చక్రం దగ్గర సిలిండర్లలో ఉండే చిన్న రబ్బరు బుడిపెలు ఎండితే ఆయిలు కారుతుంది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడంతో పాత కార్లలో పెట్రోలు గొట్టాలు, పంపు పొర కూడా ఆ జాబితాలో చేరాయి. రబ్బరు ముక్క ధర ఏపాటి? దాని మీద ఆధారపడ్డవాళ్లలో నాకు తెలియనివాళ్లే ఎక్కువ. రోడ్డు దాటుతున్న మనిషి నా నేర్చుకునే సరదాకు సమ్మతి ఇవ్వలేదు. నా ఇంజను నా ఇష్టం కావచ్చు, నా బ్రేకు నా ఇష్టం కాదు. అందుకే బ్రేకు పని నేను విప్పినా, బిగించాక మేస్త్రీ చెయ్యి పడితే గానీ గేటు దాటించను.

పైగా అది ఒంటరిగా సాగే పనే కాదు. గొట్టాల్లో గాలి తీయాలంటే ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర నిపిల్ వదులు చేయాలి. తొక్కు, పట్టుకో, వదులు. కింద ఉన్నవాడు ‘పట్టుకో’ అన్నప్పుడు పైనున్నవాడు కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది, పని మొదటికొస్తుంది. ఒకరి ముఖం ఒకరికి కనిపించదు, మాట ఒక్కటే ఆధారం. స్వావలంబన మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లను ఒకసారి ఈ పనికి కూర్చోబెట్టాలనిపిస్తుంది.

ఇక చట్టం. సొంత కారుకు పదిహేనేళ్లు నిండగానే చట్టానికి దాని మీద అనుమానం మొదలవుతుంది. 2022 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటితే అదే చట్టం వింటేజి అని గౌరవించి వేరే నంబరు పలక ఇస్తుంది, చాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదన్న షరతుతో. మధ్యలో ముప్పై అయిదేళ్లు ఏ గౌరవమూ లేకుండా ఎవరో దాన్ని నిలబెట్టాలి, కానీ నిలబెట్టినట్టు మరీ ఎక్కువగా తెలియకూడదు! ముంబైలో ట్యాక్సీవాళ్లు ఆ పని బతుకు కోసం చేశారు. కారు తయారీ ఆగిపోయాక కూడా రెండు దశాబ్దాల పాటు నడిపారు. ఇరవై ఏళ్ల వయసు పరిమితి నిండి 2023 అక్టోబర్ 30 నుంచి పద్మిని ట్యాక్సీలు అక్కడ రోడ్డు దిగాయి. పొగ లెక్కలో ఆ నిర్ణయం సబబే. పాత కారును రోజూ తోలడాన్ని నేనూ సమర్థించను. ఊపిరితిత్తులు అందరివీ కదా.

ఆర్సీలో యజమానుల పేర్లన్నీ ఉంటాయి, మొదటివారు, రెండోవారు, మూడోవారు. రీబోర్ చేసిన లేత్ పనివాడి పేరు ఉండదు. అడుగు రేకు కోసి అతికిన టింకరు పేరు ఉండదు. కారు ఇంకా కారుగా ఉందంటే ఎక్కువ భాగం వాళ్ల వల్లే. పాత బండి ఏదైనా మీ దగ్గర ఉంటే, అది స్కూటరైనా సరే, ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ తేదీన ఏం చెడింది, ఏం మార్చారు, ఎక్కడ రేకు అతికారు, ఎక్కడ లప్పం మాత్రమే పెట్టి వదిలేశారు, పని చేసిందెవరు, అన్నీ రాయండి. మేస్త్రీ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా అడిగి రాయండి. చాలా ఏళ్లుగా ఆయన దగ్గరికే వెళ్తున్నా ఆ పేరు మీకు తెలియకపోవచ్చు. బండి అమ్మేటప్పుడు ఆ పుస్తకాన్ని తాళాలతో పాటు కొన్నవారికి ఇవ్వండి. లప్పం పెట్టిన చోటు చదివి వాళ్లు ధర కాస్త తగ్గించమంటే తగ్గించండి.